సారా కేసులో మెజిస్ట్రేట్ శిక్ష వేశాక అప్పీలు: ముందు సీసా ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి

అడిగినది క్లుప్తంగా: 2019లో ఇంటి వెనక పశువుల పాకలో 20 లీటర్ల నాటుసారా దొరికిందని కేసు. ప్రొహిబిషన్ చట్టం సెక్షన్ 7-ఏ, 8(ఇ) కింద మెజిస్ట్రేట్ కోర్టు పోయిన వారం మా బావమరిదికి ఏడాది కఠిన కారాగారం, 10,000 రూపాయల జరిమానా వేసింది. మధ్యవర్తులిద్దరూ (సోదాకు సాక్షులుగా ఉన్నవాళ్లు) హోస్టైల్ అయినా, అంటే కోర్టులో ప్రాసిక్యూషన్‌కు ఎదురుతిరిగినా, శిక్ష పడింది. అప్పీలు వేసుకోవడానికి 30 రోజులు శిక్ష ఆపారు. ఎక్కడ వేయాలి? గెలుస్తామా? వేస్తే శిక్ష పెరుగుతుందా?

చివరి ప్రశ్నకే ముందు జవాబు. పెరగదు. ముద్దాయి వేసుకున్న అప్పీలులో సెషన్స్ కోర్టు శిక్షను తగ్గించగలదు, రద్దు చేయగలదు, అలాగే ఉంచగలదు. పెంచడానికి వీల్లేదని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 386(బి)లోనే ఉంది, కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 427. పెంచాలంటే ప్రభుత్వం వేరుగా అప్పీలు వేయాలి. ఈ భయంతో గడువు దాటబెట్టుకునే వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఎక్కడ వేయాలంటే, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద అప్పీలు జిల్లా సెషన్స్ కోర్టుకే వెళుతుంది. సీఆర్‌పీసీ 374(3), బీఎన్ఎస్ఎస్‌లో 415(3). ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి దగ్గర నంబరు పడ్డాక ఏదో ఒక అదనపు జిల్లా జడ్జికి బదిలీ కావచ్చు, దానికి కంగారు పడొద్దు. ఏడేళ్లకు మించిన శిక్ష పడితేనో, సెషన్స్ జడ్జే స్వయంగా విచారించి శిక్ష వేస్తేనో నేరుగా హైకోర్టుకు వెళ్లాలి. మీది ఆ కోవలోకి రాదు.

పాత చట్టం రాయాలా, కొత్త చట్టం రాయాలా అన్న తికమక ఇప్పుడు ప్రతి రిజిస్ట్రీలోనూ ఉంది. 2024 జూలై 1కి ముందు మొదలై అప్పటికి పెండింగులో ఉన్న విచారణ పాత సీఆర్‌పీసీ ప్రకారమే ముగుస్తుంది, బీఎన్ఎస్ఎస్ 531లో ఆ మాట ఉంది. ఆ తేదీ తర్వాత వేసే అప్పీలుకు మాత్రం కొత్త సెక్షన్ నంబరు అడిగే కోర్టులు ఎక్కువ. అప్పీలు మెమోలో, అంటే అప్పీలు కారణాలు రాసే అర్జీలో, రెండూ రాస్తే గొడవ ఉండదు. సెక్షన్ నంబరు తప్పు పడినంత మాత్రాన అప్పీలు చచ్చిపోదు కానీ, రిటర్న్ అయితే నాలుగు రోజులు పోతాయి.

గడువు 30 రోజులు, తీర్పు రోజును వదిలి లెక్క. దీనికి తోడు తీర్పు కాపీ కోసం పట్టిన రోజులు మినహాయిస్తారు. ఉదాహరణకు జూన్ 10న తీర్పు, 12న కాపీ దరఖాస్తు, 20న కాపీ సిద్ధం అనుకుందాం. 12 నుంచి 20 దాకా 9 రోజులు పక్కకు పోతాయి. అంటే జూలై 10 కాస్తా జూలై 19 అవుతుంది. సిద్ధమైన కాపీని తీరిగ్గా జూలై 1న తెచ్చుకుంటే మధ్యలో పోయిన రోజులు మీ ఖాతాలోవే. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు చెప్పగానే ఉచితంగా కాపీ ఇవ్వాలి, అప్పీలుకు వీలున్న తీర్పైతే సర్టిఫైడ్ కాపీ కూడా ఉచితమే. పాత చట్టంలో 363, కొత్తదానిలో 404. ఈ సంగతి తెలియక డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో దించుకున్న ప్రతి చదువుకోవడానికి బాగుంటుంది, దాఖలుకు పనికిరాదు. గడువు దాటిపోతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ పిటిషన్ వేయాలి. అందులో రోజు రోజుకూ కారణం రాయాలి, "ఆరోగ్యం బాగాలేదు" అన్న ఒక్క ముక్క చాలదు.

అసలు ప్రమాదం గడువులో కంటే శిక్ష ఆపిన ఉత్తర్వులో ఉంది. మెజిస్ట్రేట్ ఇచ్చిన 30 రోజుల నిలుపుదల 389(3) కింద ఇచ్చినది, బీఎన్ఎస్ఎస్‌లో 430. శిక్ష మూడేళ్లకు మించకుండా, ముద్దాయి బెయిలు మీద ఉంటే, పై కోర్టుకు వెళ్లడానికి ఇచ్చే వెసులుబాటు అది. అప్పీలు వేశాం కదా అని ఊరుకుంటే దానికి దానంతటదే పొడిగింపు రాదు. 30వ రోజు లోపల సెషన్స్ కోర్టు నుంచి విడిగా శిక్ష నిలుపుదల ఉత్తర్వు రావాలి. అప్పీలు దాఖలయి, నంబరు పడి, ఉత్తర్వు మాత్రం రాకపోతే మెజిస్ట్రేట్ కోర్టు నాన్ బెయిలబుల్ వారంటు తీస్తుంది. ఇదెంత మామూలుగా జరుగుతుందో కోర్టు బెంచ్ క్లర్కును అడిగితే చెబుతాడు. కాబట్టి కనీసం వారం ముందు దాఖలు చేయండి. అప్పీలు మెమో, సర్టిఫైడ్ కాపీ, వకాలత్, శిక్ష నిలుపుదల పిటిషన్, దానికి అఫిడవిట్, అన్నీ ఒకేసారి.

పిటిషన్‌లో "జైలు శిక్ష, జరిమానా రెండూ నిలపాలి" అని స్పష్టంగా అడగండి. చాలా కోర్టులు జరిమానా కట్టమని, జైలు శిక్ష మాత్రం ఆపుతాయి. కడితే రసీదు భద్రంగా దాచండి. అప్పీలు గెలిచాక తీర్పు చివర "జరిమానా కట్టి ఉంటే వాపసు ఇవ్వాలి" అన్న వాక్యం ఉండాలి, అది లేకపోతే తిరిగి తెచ్చుకోవడం తలనొప్పి. ఉత్తర్వు వచ్చాక కింది కోర్టులో కొత్త పూచీకత్తులు ఇవ్వాలి. జామీనుదారుల ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా పాస్‌బుక్ ముందే సిద్ధం చేసుకోండి.

శిక్ష ఆపడం వేరు, దోషిగా తేల్చడాన్ని ఆపడం వేరు. మీ బావమరిది ప్రభుత్వ ఉద్యోగి అయితే శిక్ష నిలుపుదల ఉద్యోగాన్ని కాపాడదు. దోషిత్వాన్నే ఆపే అధికారం కోర్టుకు ఉందని 1995లో రామా నారంగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కానీ అది అరుదుగా, గట్టి కారణం చూపితేనే ఇస్తారు.

ఇక గెలుపు సంగతి.

"మధ్యవర్తులు హోస్టైల్ అయ్యారు, మరి శిక్ష ఎలా వేశారు?" అని సారా కేసుల్లో ప్రతివాళ్లూ అడుగుతారు. సూటిగా చెప్పాలంటే, ఈ ఒక్క పాయింటు మీద అప్పీలు నడిపితే ఓడిపోతారు. మధ్యవర్తులు ఎదురుతిరిగినా, ఎక్సైజ్ సిబ్బంది సాక్ష్యం నమ్మదగ్గదిగా, ఒకదానితో ఒకటి పొసగేలా ఉంటే దాని మీదే శిక్ష వేయవచ్చన్నది స్థిరపడిన సూత్రం. వీఆర్ఓ మధ్యవర్తిగా ఉండటం కూడా దానంతటదే లోపం కాదు. హోస్టైల్ కావడం వల్ల జరిగేది ఒక్కటే: మిగిలిన సాక్ష్యాన్ని కోర్టు మరింత జాగ్రత్తగా చూడాలి. ఆ చూపు దేని మీద పడాలో మీ మెమో చూపించాలి. నా మటుకు అది సాక్షుల మీద కంటే సీసా మీద పడాలి.

ప్రాసిక్యూషన్ మెడ మీద ఉన్న భారం ఇది: ఆ పాకలో, ఆ క్యానులో ఉన్న ద్రవమే, ఎవరి చెయ్యీ పడకుండా ప్రయోగశాలకు చేరింది, అది సారా అని తేలింది. ఈ గొలుసులో కొన్ని ముడులున్నాయి. ఎగ్జిబిట్లు (కోర్టులో సాక్ష్యంగా నమోదైన కాగితాలు) ముందు పెట్టుకుని ఒక్కో ముడినీ లాగి చూడండి.

మొదట మధ్యవర్తుల నివేదిక, అదే పంచనామా. శాంపిల్ ఎంత తీశారు, ఎన్ని సీసాల్లో తీశారు, క్యానును బాగా కలిపి తీశారా, సీసా మూతకు ఏ సీలు వేశారు, చీటీ మీద ఎవరెవరు సంతకం పెట్టారు, ముద్దాయి సంతకం ఉందా. "నమూనా సేకరించి సీలు చేశాము" అని ఒక్క ముక్కతో వదిలేసిన పంచనామాలు బోలెడు. ఏ సీలో రాయకపోతే ప్రయోగశాలలో దాన్ని దేనితో సరిపోల్చారు? సీలు ముద్ర నమూనాను విడిగా పంపారా?

రెండోది తేదీలు. పట్టుకున్న రోజు, వస్తువులు కోర్టుకు చేరిన రోజు, పరీక్షకు పంపే ఉత్తరమైన లెటర్ ఆఫ్ అడ్వైజ్‌తో ప్రయోగశాలకు వెళ్లిన రోజు, అక్కడ అందిన రోజు. ఈ నాలుగు తేదీలూ ఒక కాగితం మీద వరుసగా రాయండి. పట్టుకున్న రోజుకూ కోర్టుకు చేరిన రోజుకూ మధ్య 35 రోజులు ఉన్నాయనుకోండి. అన్నాళ్లూ సీసా స్టేషన్‌లో ఎవరి కస్టడీలో ఉంది? ప్రాపర్టీ రిజిస్టర్ మార్కు చేశారా, అంటే కోర్టులో సాక్ష్యంగా నమోదు చేశారా? తెచ్చిన కానిస్టేబుల్‌ను సాక్షిగా పిలిచారా? ఆలస్యం ఒక్కటే కేసును కొట్టేయదు. కానీ ఆలస్యం, దానికి వివరణ లేకపోవడం, ఆ మధ్యలో సీలు ఎవరి జేబులో ఉందో తెలియకపోవడం, ఈ మూడూ కలిస్తే అనుమానం నిజమైన అనుమానం అవుతుంది. సీలు వేసిన ఎస్‌ఐ దగ్గరే సీలూ సీసా రెండూ ఉన్నాయంటే అది మెమోలో రాయాల్సిన మాట.

మూడోది కెమికల్ ఎగ్జామినర్ రిపోర్ట్. దీన్ని ఫలితం దగ్గర్నుంచి కాకుండా పైనుంచి చదవాలి. పైన "సీళ్లు చెక్కుచెదరలేదు, పంపిన నమూనా ముద్రతో సరిపోయాయి" అని ఉందా? ఎన్ని సీళ్లు? సీసా పరిమాణం పంచనామాలో ఉన్నదేనా? పంచనామాలో 300 మిల్లీలీటర్ల సీసా, రిపోర్టులో 180 అని ఉంటే ఇక మాట్లాడక్కర్లేదు. తర్వాత ఫలితం. నాటుసారా అని తేలిందా, ఆల్కహాల్ శాతం ఎంత, లేక "ఆల్కహాల్ ఉన్నది" అని మాత్రమే రాశారా. ఊట (సారా కాచే పులిసిన ద్రవం) కూడా పట్టుకుని అక్కడికక్కడ పారబోశామన్న కేసుల్లో ఊటకు విడిగా శాంపిల్ తీశారా చూడండి. తీయకపోతే ఊట మీద ఆరోపణకు ఆధారం లేదు.

ఈ రిపోర్టును నిపుణుణ్ని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చని సీఆర్‌పీసీ 293 చెబుతుంది, బీఎన్ఎస్ఎస్‌లో 329. కాబట్టి "రిపోర్టు రాసినవాణ్ని విచారించలేదు" అన్న గ్రౌండు (అప్పీలు కారణం) బలమైంది కాదు. సంతకం పెట్టినవాడి హోదా ఆ సెక్షన్‌లోని జాబితాలో ఉందా అన్నది మాత్రం చూడాలి.

సారా కాకుండా పన్ను కట్టని మద్యం కేసైతే పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ మద్యమని తేలితే చాలదు, సుంకం కట్టనిదని తేలాలి. లేబుల్, బ్యాచ్ నంబరు, హోలోగ్రామ్ గురించి తెలిసిన అధికారి చెప్పాలి. లెక్కలూ చూడండి. ఒక పెట్టెలో 48 క్వార్టర్లు, ఒక్కోటి 180 మిల్లీలీటర్లు, మొత్తం 8.64 లీటర్లు. పంచనామాలో 9 లీటర్లనీ, చార్జిషీటులో ఇంకోటనీ ఉంటే అక్కడ కూర్చుని రాశారా, స్టేషన్‌లో కూర్చుని రాశారా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. 48 సీసాల్లో ఒక్కటి మాత్రమే ప్రయోగశాలకు పంపి, మిగతా 47 కూడా అదే సరుకని ఎలా అన్నారో అడగండి. ఒకరి దగ్గర ఉంచుకోదగిన పరిమితి మీద జీవోలు మారుతూ వచ్చాయి. నేరం జరిగిందన్న రోజున అమల్లో ఉన్న జీవోనే కొలత.

సీసా తర్వాత బలమైన చోటు స్వాధీనం. పాక ఎవరిది? ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో, వీఆర్ఓ ధ్రువపత్రమో ఏదైనా మార్కు చేశారా? ఉమ్మడి కుటుంబంలో నలుగురు మగవాళ్లు ఉన్న ఇంటి వెనక, గోడ లేని పాకలో క్యాను దొరికితే, అది మీ బావమరిదికి తెలిసి, అతని అదుపులో ఉందని ఏ సాక్షి చెప్పాడు? అతను ఆ సమయంలో అక్కడే ఉన్నాడా, "మమ్మల్ని చూసి పారిపోయాడు" అన్నారా? పారిపోయాడంటే అతనే అని ఎలా గుర్తుపట్టారు? ఊరివాళ్లు చెప్పారంటే ఆ ఊరివాణ్ని విచారించారా?

ఇంకో ముద్దాయి చెప్పాడని మీవాణ్ని చేర్చి ఉంటే పని ఇంకా తేలిక. ఎక్సైజ్ అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదనడానికి రాజారామ్ జైస్వాల్ కేసు ఉంది. బిహార్ ఎక్సైజ్ చట్టం కింద దర్యాప్తు అధికారాలున్న ఇన్‌స్పెక్టర్ కూడా ఎవిడెన్స్ చట్టం సెక్షన్ 25 అర్థంలో పోలీసు అధికారే అని అందులో సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో తూఫాన్ సింగ్ కేసులో మత్తుపదార్థాల చట్టం విషయంలోనూ అదే దారిలో వెళ్లింది. మన ఎక్సైజ్ ఎస్‌ఐ చార్జిషీటే వేస్తాడు కాబట్టి ఈ వాదన ఇక్కడ ఇంకా గట్టిగా నిలబడుతుంది. ఒప్పుకోలు కాగితం మొత్తం మార్కు అయిపోయి ఉంటే, వస్తువు దొరకడానికి దారి తీసిన ముక్క తప్ప మిగతాది పక్కన పెట్టాలని అడగండి.

పనికిరాని గ్రౌండ్ల గురించీ చెప్పాలి. "పట్టుకున్న అధికారే దర్యాప్తు చేశాడు, కాబట్టి కేసు కొట్టేయాలి" అన్నది 2018లో మోహన్‌లాల్ తీర్పుతో పనిచేసింది. 2020 ఆగస్టులో ముకేశ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్ని తీసేసింది. ఇప్పుడు దాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే జడ్జి వెంటనే ఆ తీర్పు చదివి వినిపిస్తాడు. పక్షపాతం వల్ల నష్టం ఎక్కడ జరిగిందో చూపగలిగితేనే రాయండి. అలాగే "తీర్పు చట్టానికి, సాక్ష్యానికి విరుద్ధం" అన్న వాక్యాన్ని పది రకాలుగా తిప్పి రాసిన మెమో ఎవరికీ ఉపయోగపడదు. "పీడబ్ల్యూ-2 (ప్రాసిక్యూషన్ రెండో సాక్షి) క్రాస్‌లో సీలు తన దగ్గరే ఉందని ఒప్పుకున్నాడు, తీర్పు 9వ పేరాలో దీని ప్రస్తావనే లేదు" అని రాస్తే జడ్జి ఆ పేజీ తిప్పుతాడు.

ఇక్కడ ఒక చిన్న మెలకువ. కొన్ని లోపాలు సరిచేయదగ్గవి, కొన్ని సరిచేయలేనివి. ఒక కాగితం మార్కు చేయలేదనో, ఒక సాక్షిని పిలవలేదనో మీరు గట్టిగా అరిస్తే, సీఆర్‌పీసీ 391 కింద అదనపు సాక్ష్యం తీసుకోమని పీపీ (ప్రభుత్వ లాయరు) అడగొచ్చు, లేదా కోర్టు కేసును వెనక్కి పంపొచ్చు. మళ్లీ రెండేళ్లు. సీలు రాయకపోవడం, తేదీల మధ్య గ్యాపు, సీసా కొలత తేడా లాంటివి ఇప్పుడెవరూ పూడ్చలేరు. వాదన బరువంతా వాటి మీద పెట్టండి.

ముద్దాయిని కోర్టు అడిగిన ప్రశ్నల కాగితం కూడా తెప్పించుకోండి, సీఆర్‌పీసీ 313 కింద రాసేది. కెమికల్ రిపోర్టు గురించి, పాక అతనిదన్న విషయం గురించి ప్రశ్నే వేయకుండా తీర్పులో వాడుకుని ఉంటే అది గ్రౌండే. దాని వల్ల అతనికి జరిగిన నష్టమేమిటో కూడా చెప్పాలి.

విచారణలో నేరం ఒప్పుకున్నవాళ్ల సంగతి వేరు. "ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది" అన్న మాట విని తలూపిన కేసులు ఎక్సైజ్ కోర్టుల్లో లెక్కలేనన్ని. ఒప్పుకోలు మీద శిక్ష పడితే శిక్ష ఎంత, చట్టబద్ధమా అన్నదాని మీదే అప్పీలు ఉంటుంది, దోషిత్వం మీద ఉండదు. జైలు లేకుండా వంద రూపాయల లోపు జరిమానా ఒక్కటే పడితే అసలు అప్పీలే లేదు.

శిక్ష తగ్గింపు కోసం ప్రత్యామ్నాయంగా ఒక గ్రౌండు తప్పక పెట్టండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. మీ కేసు 2019ది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సవరణలతో శిక్షలు పెరిగాయి. నేరం జరిగిన రోజున ఉన్న శిక్ష కంటే ఎక్కువ వేయడానికి రాజ్యాంగం 20(1) అధికరణం ఒప్పుకోదు. కింది కోర్టు సవరణకు ముందున్న పాఠమే వాడిందా సరిచూడండి. సెక్షన్‌లో కనీస శిక్ష ఉంటే సెషన్స్ కోర్టు మామూలుగా దాని కిందికి దించలేదు. ఆ వెసులుబాటు సెక్షన్‌లోనే రాసి ఉందేమో చూడాలి. మొదటి కేసు, వయసు, కుటుంబం, ఎన్నేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు అన్నవి చెప్పండి. 1958 ప్రొబేషన్ చట్టం కింద విడుదల అప్పీలు కోర్టు కూడా ఇవ్వగలదు, ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లకు ఇది మరీ ముఖ్యం. అరెస్టయి జైల్లో గడిపిన రోజులు శిక్షలోంచి తీసేయాలి, 428 కింద. తీర్పులో ఆ లెక్క రాశారో లేదో చూడండి.

"మద్యం షాపులు తెరిచే ఉన్నాయి, ఇంకా నిషేధ చట్టమేంటి" అని కూడా అడుగుతుంటారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు, సారా మీద మాత్రం నిషేధం మిగిలింది. అందుకే 7-ఏ. ఇది వాదనగా పనికిరాదు, మెమోలో రాయొద్దు.

అప్పీలు పిలిచే రోజు లాయరు రాకపోతే కేసు కొట్టేస్తారన్న భయం వద్దు. గైర్హాజరు కారణంగా క్రిమినల్ అప్పీలును కొట్టేయకూడదని, రికార్డు చూసి తేల్చాలని 1996లో బనీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ముద్దాయి రాకపోతే వారంటు మాత్రం వస్తుంది, పూచీకత్తు రద్దవుతుంది. లాయరు పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జైల్లో ఉన్న మనిషి జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.

అప్పీలు పోతే హైకోర్టులో రివిజన్, గడువు 90 రోజులు. అక్కడ సాక్ష్యాన్ని మళ్లీ మొదట్నుంచి తూకం వేయరు, చట్టపరమైన తప్పు, రికార్డును పూర్తిగా తప్పుగా చదవడం లాంటివే చూస్తారు. అందుకే సెషన్స్ కోర్టులోనే అన్ని పాయింట్లూ రాతలో ఉండాలి. శిక్ష నిలుపుదల ఇవ్వడానికి ముద్దాయి ముందు లొంగిపోయినట్టు ధ్రువపత్రం తెమ్మని హైకోర్టు అడగవచ్చు. ఓడిన రోజు సాయంత్రం వెతుక్కోకుండా ముందే హైకోర్టు లాయరును కనుక్కోండి.

కేసులో బండి కూడా పట్టుకుని ఉంటే, అప్పీలు గెలిచినంత మాత్రాన అది ఇంటికి రాదు. వాహనం జప్తు ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్ దగ్గర విడిగా నడుస్తుంది, దాని అప్పీలూ విడిగానే, ఆ శాఖలోనే. ఆ నోటీసు వచ్చినప్పుడు "క్రిమినల్ కేసు తేలాక చూద్దాం" అని పక్కన పెడితే, తేలేసరికి బండి వేలం అయిపోయి ఉంటుంది.